మీకు తెలుసా? చచ్చి నేర్చుకునే ఆట

ఎల్డెన్ రింగ్ అనే వీడియో గేమ్ విడుదలైన రోజు 2022 ఫిబ్రవరి 25. ఆ రోజుకి మా రాజాం శ్రీకాకుళం జిల్లాలో ఉంది. సరిగ్గా 38 రోజులకి, ఏప్రిల్ 4న, కొత్త జిల్లాలు వచ్చి విజయనగరం జిల్లాలోకి వెళ్ళింది. విడుదలైన రోజే ఆట మొదలుపెట్టిన రాజాం కుర్రాడెవరైనా ఉంటే, శ్రీకాకుళం జిల్లాలో మొదలుపెట్టి విజయనగరం జిల్లాలో ముగించి ఉంటాడు. అన్నాళ్ళు పట్టే ఆట అది. మొదటి మూడు వారాల్లోనే 1 కోటి 20 లక్షల పైచిలుకు కాపీలు అమ్ముడయ్యాయి. ఆ ఏడాది ద గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ గేమ్ కూడా ఇదే.

ఇంతమంది ఎగబడి కొన్న ఈ ఆట మనిషిని అడుగడుగునా చంపుతుంది. ఆ చంపడంలో ఒక పద్ధతుంది. అది చెప్పాలనే ఈ వారం ఇదంతా.

★

ఎల్డెన్ రింగ్‌కి అన్నలాంటి డార్క్ సోల్స్ తరహా ఆటల తీరు తెలియని వాళ్ళకి ముందుగా రెండు మాటలు. చేతిలో ఒక కత్తి, ఎదురుగా పాడుబడ్డ కోట. మామూలు ఆటల్లో దారిలో కనిపించే చిన్న సైనికుడు రెండు దెబ్బలకి పడిపోతాడు. ఇక్కడ ఆ చిన్న సైనికుడే మూడు దెబ్బల్లో మనల్ని పడగొడతాడు. పడగానే ‘యూ డైడ్’ అని తెర మీద పెద్ద ఎర్రక్షరాలు. అప్పటిదాకా కూడబెట్టుకున్న ‘సోల్స్’ పడినచోటే ఉండిపోతాయి. మనం వెనకెక్కడో నెగడు దగ్గర లేస్తాం. మళ్ళీ అక్కడిదాకా నడిచి వెళ్ళి వాటిని తెచ్చుకోవాలి. దారిలో ఇంకోసారి చచ్చామా, అవి ఇక లేనట్టే.

నెగడు దగ్గర కూర్చుంటే గాయాలు మానతాయి, మందు సీసా నిండుతుంది. కానీ మనం కూర్చుని లేచేసరికి, మనం చంపిన వాళ్ళంతా కూడా లేచి ఎవరి చోట వాళ్ళు నిలబడి ఉంటారు. సేద తీరడానికి కూడా వెల కట్టిన ఆట ఇంకోటి నాకు తెలీదు.

★

ఈ ఆటలు చేసే ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ టోక్యో కంపెనీ. 1986లో పెట్టినప్పుడు ఆఫీసు పనులకి పనికొచ్చే సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళు. మొదటి గేమ్ కింగ్స్ ఫీల్డ్ 1994 చివర్లో వచ్చింది. అందులోని మూన్‌లైట్ కత్తి ఈ కంపెనీ ఆటల్లో ఏదో ఒక పేరుతో, ఏదో ఒక మూల ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది. తాతగారి ముంత మనవడి ఇంట్లో కనిపించినట్టు.

హిదెతాకా మియాజాకి ఈ కంపెనీలో చేరేసరికి అతనికి 29 ఏళ్ళు. అప్పటిదాకా ఒరాకిల్‌లో ఉద్యోగం. ‘ఇకో’ అనే గేమ్ ఆడి మనసు మళ్ళి, జీతం తగ్గినా సరేనని వచ్చేశాడు. లోపల డీమన్స్ సోల్స్ అనే ప్రాజెక్టు ఒకటి గాడి తప్పి మూలుగుతోంది. దాన్ని తనే అడిగి తీసుకున్నాడు. ఎలాగూ పోయేదే అనుకుంటున్నారు కాబట్టి తను ఏం చేసినా అడిగేవాళ్ళు ఉండరని అతని లెక్క. 2009 ఫిబ్రవరిలో జపాన్‌లో విడుదలైంది. అప్పట్లో సోనీ గేమ్ స్టూడియోల పెద్ద షుహెయ్ యోషిదా రెండు గంటలు ఆడినా ఆరంభం దాటలేకపోయాడు. ఇది బాగాలేదనుకున్నాడు. దాంతో అమెరికాలో విడుదల చేసే పని సోనీ పెట్టుకోలేదు, అక్కడ అట్లస్ అనే మరో కంపెనీ విడుదల చేసింది. ఈ సంగతి తర్వాత యోషిదాయే దాచకుండా చెప్పాడు. 2011లో డార్క్ సోల్స్ వచ్చింది. పదేళ్ళకి, 2021 గోల్డెన్ జాయ్‌స్టిక్ అవార్డుల్లో, ఇప్పటిదాకా వచ్చిన ఆటలన్నిట్లో గొప్పదేదంటే జనం ఓట్లేసింది దానికే. గాడి తప్పిన పనిని అడిగి తీసుకున్న ఆ ఉద్యోగి 2014లో కంపెనీకి అధ్యక్షుడయ్యాడు.

★

మియాజాకి చిన్నతనంలో ఇంట్లో పుస్తకాలు కొనే స్తోమత లేదు. లైబ్రరీ నుంచి తన వయసుకి మించిన పుస్తకాలు తెచ్చుకునేవాడు. సగం అర్థమయ్యేది కాదు. అర్థం కాని చోట బొమ్మ చూసి కథ తనే అల్లుకునేవాడు. అతని ఆటల్లో కథ ముక్కలు ముక్కలుగా దొరకడానికి మూలం అదేనని అతనే చెప్పుకున్నాడు.

ఇది చదివినప్పుడు నాకు చందమామ గుర్తొచ్చింది. చదవడం రాని వయసులో మనం చేసిందీ అదే కదా. శంకర్ గీసిన విక్రమార్కుడి బొమ్మ చాలు: భుజాన శవం, చేతిలో కత్తి, చుట్టూ చీకటి. అక్షరం రాకపోయినా కథ తెలిసిపోయేది.

దాసరి సుబ్రహ్మణ్యం గారు చందమామకి రాసిన సీరియళ్ళు పన్నెండు. వాటిలో కొన్ని పేర్లు పైకి చదివి చూడండి: రాకాసి లోయ, శిథిలాలయం, పాతాళ దుర్గం, మకర దేవత, జ్వాలాద్వీపం. వీటిలో ఏది తీసి డార్క్ సోల్స్ పటం మీద రాసినా సరిగ్గా అతుకుతుంది. ‘డార్క్ ఫాంటసీ’ అనే మాట మనకి కొత్తేమో గానీ, ఆ చీకటి కొత్తది కాదు. 1950ల నుంచే నెలనెలా పోస్టులో ఇంటికొచ్చేది.

ఇక భేతాళ కథలు. శవాన్ని దించుతాడు, నడుస్తాడు, మౌనం చెదురుతుంది, శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. రాజు విసుక్కోడు. వెనక్కి వెళ్తాడు. పట్టు వదలని విక్రమార్కుడు అని మనం రోజూ వాడే మాటకి ఆట రూపం ఉంటే అది ఇలాగే ఉంటుంది. ఒక్క తేడా ఉంది. విక్రమార్కుడు చెట్టు దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ కొత్త కథ వింటాడు. మనం వెళ్ళిన ప్రతిసారీ అదే శత్రువు, అదే కత్తి. మారాల్సింది మనమే.

★

దెబ్బ తప్పించుకోవడం ఎలాగో దగ్గరగా చూపిస్తాను.

ఎల్డెన్ రింగ్‌లో స్టార్మ్‌వెయిల్ కోటకి పోయే వంతెన మీద మార్గిట్ అనే పెద్ద ముసలి రాక్షసుడు ఉంటాడు. చేతిలో వంకర కర్ర. కర్ర పైకెత్తుతాడు. మన వేలు అప్పటికే రోల్ బటన్ మీద ఉంటుంది. దెబ్బ పడబోతోందని నొక్కేస్తాం, మన మనిషి నేల మీద దొర్లుతాడు. కానీ కర్ర ఇంకా గాల్లోనే ఉంది. మన మనిషి దొర్లి లేచి నిలబడిన క్షణం చూసి అప్పుడు దించుతాడు. అంతే, ఎర్రక్షరాలు.

దొర్లేటప్పుడు అర సెకను కూడా ఉండని ఒక రెప్పపాటులో మనకి ఏ దెబ్బా తగలదు. కత్తి ఒంట్లోంచి వెళ్ళిపోయినట్టు కనిపించినా తగలదు. ఆ రెప్పపాటుని కర్ర కిందికి వచ్చే క్షణానికి జతచేయాలి. మార్గిట్ కర్ర పట్టి ఉంచేది, భయంతో ముందే నొక్కే వేలుని పట్టుకోవడానికే. కాబట్టి కర్రని చూసి లాభం లేదు. అతని భుజం చూడాలి. భుజం కదిలితేనే దెబ్బ వస్తుంది. అప్పుడు కూడా వెనక్కి కాదు, దెబ్బకి ఎదురుగా, అతని చంకలోకి దొర్లాలి. వెనక్కి పోతే కర్ర కొస తగులుతుంది. ముందుకి పోతే అతని వీపు మన ముందుంటుంది. ప్రాణం మీదికొచ్చినప్పుడు ముందుకి దూకమని ఒంటికి నేర్పడం మాటలు కాదు. రెండు మూడు రాత్రులు పడుతుంది.

ఒంటి మీద బరువు కూడా లెక్కే. ఎల్డెన్ రింగ్‌లో మోయగలిగిన దాంట్లో 30 శాతం లోపు మోస్తుంటే చురుగ్గా దొర్లుతాం. 70 శాతం దాటితే బస్తా దొర్లినట్టే. ఇనుప కవచం తొడుక్కుంటే రక్షణ అనుకుని మొదట్లో అందరూ దాన్నే వేసుకుంటారు. ఆ బరువుకి దొర్లలేక దెబ్బలు తింటారు.

★

ఆట మొదట్లోనే చెప్పే పాఠం ఒకటుంది, చాలామంది వినరు. ఎల్డెన్ రింగ్‌లో గుహలోంచి వెలుతురులోకి రాగానే ఎదురుగా బంగారు కవచంతో గుర్రం మీద ఒక రౌతు తిరుగుతుంటాడు. ట్రీ సెంటినెల్ అంటారు. కనిపించాడు కదా అని మీదికి పోతే రెండు నిమిషాలు కూడా నిలవలేం. పక్కన చెట్ల చాటున నడిచి పోవచ్చు. ఎవరూ ఆపరు. బలం వచ్చాక ఎప్పుడైనా తిరిగి రావచ్చు. డార్క్ సోల్స్‌లో మొదటి బాస్, అంటే మొదటి పెద్ద శత్రువు, అసైలమ్ డీమన్ దగ్గరా ఇంతే. మొదటిసారి ఎదురైనప్పుడు చేతిలో విరిగిన కత్తి పిడి తప్ప ఏమీ ఉండదు. పక్కనే తలుపు తెరిచి ఉంటుంది. అందులోంచి పరిగెత్తి, ఆయుధం సంపాదించి, మేడ మీదినుంచి వాడి నెత్తి మీదికి దూకడం సరైన దారి.

ఎల్డెన్ రింగ్‌లోనే ఇంకో చోట, అగ్నిపర్వతం లోపల రైకార్డ్ అనే మహాసర్పం. మామూలు కత్తులతో తెమిలే పని కాదు. కానీ ఆ గదిలో అడుగుపెట్టగానే నేల మీద ఒక ఈటె పడి ఉంటుంది, ఆ పాము కోసమే చేసిన ఈటె. కంగారులో పరిగెత్తిన వాళ్ళు దాన్ని చూడరు. మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉందని తెలిసేదాకా బాలనాగమ్మ కొడుకు మాత్రం ఏం చేయగలిగాడు? తెలిశాకే కథ మలుపు తిరిగింది.

★

“ఒరే, అన్నం సల్లారిపోతంది. ఒక్క నిమిషం ఆపీసి రారా.”

“ఆపడం అవ్వదమ్మా.”

“ఆపడం అవ్వని ఆటేట్రా?”

మా వీధిలో ఒక ఇంట్లో రోజూ వినబడే మాటలివి. కుర్రాడు అబద్ధం చెప్పడం లేదు. ఈ ఆటల్లో చాలావాటికి పాజ్ లేదు. మెనూ తెరిచినా శత్రువు నడిచి వస్తూనే ఉంటాడు. 2019లో వచ్చిన సెకిరోలో మాత్రం పాజ్ ఉంది. ఎల్డెన్ రింగ్‌లో, మెనూ ఎలా వాడాలో వివరించే పేజీ తెరిస్తే ఆట ఆగుతుందని ఆడేవాళ్ళే ఎవరో కనిపెట్టారు. ఆ అమ్మకి ఈ సంగతి చేరవేయాలి.

కరెంటు పోతే? ఆట తనంతట తనే అడుగడుగునా సేవ్ చేసుకుంటూ ఉంటుంది. కరెంటు వచ్చాక దాదాపు ఆగిన చోటే ఉంటాం. బాస్‌తో పోరాడుతుండగా పోతే మాత్రం ఆ గది బయట, మంచుతెర ముందు నిలబడి ఉంటాం. ఎండాకాలం సాయంత్రాలు ఈ ఊళ్ళో ఆడేవాళ్ళకి ఆ మంచుతెర బాగా అలవాటు.

★

ఎల్డెన్ రింగ్‌కి పీసీలో కనీసం 12 జీబీ ర్యామ్, 60 జీబీ ఖాళీ కావాలి. మా ఊళ్ళో జీఎంఆర్ ఇంజినీరింగ్ కాలేజీ 1997 నుంచి ఉంది. కుర్రాళ్ళ దగ్గర ల్యాప్‌టాప్‌లకి కొదవ లేదు గానీ, చదువుకోసం కొన్నవాటిలో అంత సత్తువ ఉండదు. అలాంటి వాళ్ళకి పాత డార్క్ సోల్స్ చాలు. పాతదే మేలని నా అభిప్రాయం కూడా.

★

ఈ ఆటల్లో మనం కథానాయకుడు కాదు. కథ ఎప్పుడో అయిపోయింది. రాజులు కొట్టుకున్నారు, కోటలు కాలాయి, గొప్పవాళ్ళంతా పోయారు. అంతా ముగిశాక వచ్చిన మనిషి మనం. ఏం జరిగిందో ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. ఒక ఉంగరం దొరుకుతుంది, దాని కింద మూడు వాక్యాలుంటాయి. ఒక శవం ఏ గుమ్మం వైపు చెయ్యి చాచి పడి ఉందో చూసి మిగతాది మనమే అల్లుకోవాలి.

రాజాం వాడికి ఇది పరాయి అనుభవం కాదు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట పడింది. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు ఒకవైపు, విజయనగరం సైన్యం ఒకవైపు. కోట నిలవదని తెలిశాక లోపలి వాళ్ళు తమ ఆడవాళ్ళనీ పిల్లల్నీ తమ చేతులతోనే చంపుకుని, కత్తులు దూసి చనిపోయారు. ఆ సమయానికి బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు ఇక్కడ, రాజాంలో ఉన్నాడు. బుర్రకథలో మనం విన్నది ఇదే: కబురు అందేసరికి ఆలస్యమైంది, అతను చేరేసరికి అంతా అయిపోయింది. అతను చూసింది యుద్ధాన్ని కాదు, యుద్ధం అయిపోయిన చోటుని. ఆ తర్వాత మూడో రాత్రి విజయనగరం రాజు విజయరామరాజు గుడారంలోకి చొరబడి అతన్ని చంపాడు, తనూ మిగల్లేదు.

ఇప్పుడు రాజాంలో బస్సెక్కితే గంటలో బొబ్బిలి. ఆ నాటి కోట లేదు. యుద్ధస్తంభం ఉంది. మిగతా కథంతా బుర్రకథ చెప్పేవాళ్ళ నోట ఉంది, ‘రంగరాయ చరిత్రము’లో ఉంది, కొంత ఎన్టీఆర్ 1964 సినిమాలో, కొంత కృష్ణంరాజు 1986 సినిమాలో ఉంది. ముక్కలు ఏరుకుని, పోల్చి చూసుకుని, ఎవరు ఎవరి పక్షం చెబుతున్నారో గమనించుకుంటూ కథ కట్టుకోవాలి. డార్క్ సోల్స్ ఆడేవాడు చేసే పని కూడా అదే. ఆ స్తంభం దగ్గర ఎప్పుడు నిలబడినా, ఆ ఆటలోని పాడుకోటల నిశ్శబ్దం ఇదే అనిపిస్తుంది నాకు. తేడా ఏమిటంటే ఇక్కడ పోయినవాళ్ళు నిజంగా ఉన్నవాళ్ళు.

★

డార్క్ సోల్స్‌లో అడవి చివర ఒక పెద్ద సమాధి. దాని దగ్గర ఏనుగంత బూడిదరంగు తోడేలు, పేరు సిఫ్. చనిపోయిన తన యజమాని ఆర్టోరియస్ సమాధిని కాపలా కాస్తూ ఉంటుంది. అతని కత్తిని నోట కరుచుకుని మన మీదికొస్తుంది. పోరాటం గట్టిదే. కానీ చివరికొచ్చేసరికి దాని కాళ్ళు తడబడతాయి. కుంటుతుంది. కత్తి విసరబోయి తనే పడబోతుంది. అప్పుడు దాన్ని కొట్టడం చేతకాక కంట్రోలర్ పక్కన పెట్టేసినవాళ్ళు చాలామంది ఉన్నారు.

ఇంతవరకు ఆడినవాళ్ళందరికీ తెలుసు. తెలియనిది ఇంకోటి. 2012లో వచ్చిన అదనపు భాగంలో మనం గతంలోకి వెళ్తాం. అక్కడ ఈ సిఫ్ చిన్న పిల్ల, శత్రువుల మధ్య చిక్కుకుని ఉంటుంది. దాన్ని కాపాడి వర్తమానానికి వచ్చి, అప్పుడు మొదటిసారి సమాధి దగ్గరికి వెళ్తే దృశ్యం మారిపోతుంది. తోడేలు మన దగ్గరికి వచ్చి వాసన చూస్తుంది. గుర్తుపడుతుంది. తలెత్తి ఒక్కసారి గట్టిగా ఊళ పెడుతుంది. అయినా సమాధి దాటనివ్వదు, కత్తి అందుకుంటుంది. ఈ దృశ్యం ఉందని ఆటలో ఎక్కడా చెప్పరు. చూడకుండానే ఆట ముగించిన వాళ్ళు ఎందరో.

★

2015 ఆగస్టులో ట్విచ్ అనే సైట్‌లో వేలమంది కలిసి ఒక్క మనిషిని నడిపిస్తూ డార్క్ సోల్స్ ఆడటం మొదలుపెట్టారు. ప్రతి అడుగుకీ ఓటు. 43 రోజుల్లో పూర్తయింది, 904 చావులతో.

★

ఎల్డెన్ రింగ్‌లో అందరినీ ఏడిపించే బాస్ మలేనియా. మనల్ని ఒక్క దెబ్బ కొడితే ఆమె గాయం కొంత మానుతుంది. డాలు అడ్డం పెట్టినా మానుతుంది. 2022లో ‘లెట్ మీ సోలో హర్’ అనే పేరుతో ఒక ఆటగాడు ఆ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. నెత్తి మీద కుండ, ఒంటి మీద గోచీ, రెండు చేతుల్లో రెండు కత్తులు. ఎవరు పిలిచినా వాళ్ళ ప్రపంచంలోకి వెళ్ళి, వాళ్ళని పక్కన నిలబెట్టి, ఒక్కడే మలేనియాని ఓడించి వచ్చేవాడు. అలా వెయ్యిసార్లు చేశాడు. ఆట విడుదల చేసిన బందాయ్ నామ్కో అతనికి నిజం కత్తి ఒకటి పంపింది.

ఇలా ఒకరి ప్రపంచంలోకి ఒకరు వెళ్ళి సాయపడే పద్ధతి మియాజాకికి ఎక్కడ తట్టిందంటే, మంచు కురుస్తున్న ఒక కొండ రోడ్డు మీద. కార్లు ఎక్కలేక జారుతుంటే వెనక కార్లు ముందు కార్లని తోశాయట. అతని కారునీ అలాగే తోశారు. ఆగి దండం పెడదామంటే మళ్ళీ జారిపోతుంది. ఎక్కేశాక ఆలోచించాడట, వరసలో అందరికన్నా చివరి మనిషి ఇంటికి చేరాడా అని. వానాకాలంలో మట్టిలో దిగబడ్డ ఆటోకి పొలంలోంచి నలుగురు వచ్చి భుజం ఆనించి, బురద కాళ్ళతోనే వెనక్కి వెళ్ళిపోవడం మన పల్లెల్లో ఎన్నిసార్లు చూడలేదు?

★

ఈ ఆటల్లో నేల మీద మెరిసే రాతలు కనిపిస్తాయి, తక్కిన ఆటగాళ్ళు మనకోసం రాసినవి. సొంత మాటలు రాయడానికి వీల్లేదు. ఆట ఇచ్చిన పదాల్లోంచే ఏరుకుని వాక్యం కట్టాలి. ‘ముందు శత్రువు’, ‘ఎడమవైపు చూడు’ లాంటివి. అందువల్లే ఒకడు జపనీస్‌లో రాసినది ఇంకొకడికి తన భాషలో కనిపిస్తుంది. ఎల్డెన్ రింగ్‌లో 14 భాషలున్నాయి, థాయ్ కూడా ఉంది. తెలుగు లేదు, మరే భారతీయ భాషా లేదు. ఉండాలని నాకు గట్టి కోరిక. రాకాసి లోయలు దాటిన వాళ్ళం మనం.

ఇంకో చిన్న సంగతి, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. మనం రాసిన మాట ఎవరికైనా పనికొచ్చి వాళ్ళు దాన్ని మెచ్చుకుంటూ బటన్ నొక్కితే, ఆ క్షణాన మనం ఎక్కడున్నా మన గాయాలు మానతాయి. ఒక రాత్రి మార్గిట్ ముందు నిలబడి ఉన్నాను. మందు సీసా ఖాళీ, ప్రాణం గీతలో ఎరుపు చివరి కొస మాత్రం మిగిలింది. కర్ర పైకి లేచింది. అతని భుజమే చూస్తున్నాను. ఉన్నట్టుండి ఆ ఎరుపు గీత దానంతట అదే నిండింది. రెండు రోజుల కిందట ఒక ఇరుకు మెట్ల దగ్గర ‘ముందు జాగ్రత్త’ అని రాసి వదిలేశాను. దాన్ని ఏ దేశంలోనో ఎవరో అప్పుడే చదివారు.